తాళం వేసిన కుళాయి

"దీన్ని చంపుతున్నది నువ్వేనమ్మాయ్" అని మామ అన్నది పెరట్లోనే అయినా, ఆ మాట గోడ దూకి వీధిలోకి పోయింది. అంటున్నప్పుడు ఆయన దోసిలి నిండా నిమ్మాకులున్నాయి. కొసలు కాలి, రంగు పోయి, ముట్టుకుంటే పొడుమయ్యే ఆకులు. కోడలు హోటలు లాండ్రీలో పని చేస్తుంది. ఆమె పని బట్టలు ఎప్పుడూ బ్లీచింగు వాసన కొడుతుంటాయి. వాటిని చెట్టు పక్కనున్న బండ మీదే ఉతుకుతుంది. ఆ నీళ్ళే వేళ్ళకు దిగి చెట్టును తినేస్తున్నాయని ఆయన తీర్పు చెప్పేశాడు. సాక్షుల్లేరు, వాయిదాల్లేవు. ఆ పూట నుంచి కోడలి చేతి మంచినీళ్ళు కూడా ముట్టలేదు.

ఇంట్లో ఇప్పుడు రెండు పొయ్యిలు. మామ వంట మామదే. వంటంటే ఏముంది, అడుగంటిన అన్నం, దాని మీద ఉప్పు. ఆ మాడిన గిన్నెను కూడా ఆయన కుళాయి కింద పెట్టి తోమడు. చెంబుడు నీళ్ళు పోసి నానబెట్టి, బూడిదతో రుద్ది, ఆ కడిగిన నీళ్ళతోనే గుమ్మం ముందు దుమ్ము అణుస్తాడు.

ఊళ్ళో నీళ్ళ గొట్టాల వాల్వులు తిప్పడం ఆయన చేసిన ఉద్యోగం. ఏ వేళకు ఏ వీధికి నీళ్ళు మళ్ళాలన్నా ఆయన చెయ్యే తిరగాలి. కొలువు దిగిపోయి చాలా కాలమైనా అందరికీ ఇప్పటికీ వాల్వు తాతే. ఆయన ఎవరి పెళ్ళికి వెళ్ళినా ముందు చేతులు కడిగే చోట కారుతున్న కుళాయి ఉందేమో చూసి, ఆ తర్వాతే పెళ్ళికొడుకును చూస్తాడు. ఒకసారి క్షవరం షాపులో సగం గడ్డం సబ్బు నురగతో ఉండగానే లేచి, బయట ఎవరో వదిలేసిన కుళాయి కట్టొచ్చి మళ్ళీ కుర్చీలో కూర్చున్నాడట. మేడ మీద అద్దెకున్నామె ట్యాంకు పొంగితే, ఆయన కంటే ముందు ఆయన దగ్గు మెట్లెక్కుతుంది. ఆ దగ్గు వినపడగానే ఆమె మోటారు కట్టేస్తుంది. స్నానం వెడల్పాటి టబ్బులో నిలబడి చేస్తాడు. ఆ నీళ్ళు బాత్రూం కడగడానికి. కూరగాయలు కడిగిన నీళ్ళు పూల కుండీలకు.

నవ్వేవాళ్ళు నవ్వుతారు. ఆయన మాత్రం నవ్వడు. "మీ ఇల్లు గొట్టం మొదట్లో ఉంది కాబట్టి నవ్వొస్తోంది. గొట్టం చివర ఉండి చూడండి" అంటాడు. గొట్టం చివర కింది వీధి ఉంది. అక్కడ చివరిల్లు టైలరమ్మది. మంచాన పడిన అత్తగారితో, కుట్టు మిషనుతో ఆమె ఒక్కతే సంసారం ఈదుతోంది. పై వీధిలో ఎవరో కుళాయి మరిచిపోతే టైలరమ్మ బిందె సగంలోనే ఆగిపోతుందని ఆయనకు తెలుసు. కొలువులో ఉన్నన్నాళ్ళూ, ఎవరు బతిమాలినా, ఎవరు బెదిరించినా, ఒక వీధి నీళ్ళు ఇంకో వీధికి వేళ తప్పి మళ్ళించిన మనిషి కాదు. కింది వీధివాళ్ళు ఇప్పటికీ నీళ్ళు రాకపోతే ఆఫీసుకు పోరు. తాత దగ్గరికే వస్తారు.

ఇక చెట్టు సంగతి. అది అత్తయ్య నాటింది. అత్తయ్య పోతూ ఆస్తుల గురించి మాట్లాడలేదు, కొడుకు గురించి మాట్లాడలేదు. "చెట్టు ఎండనీకండి" అంది. మామ ఆవిడ చెయ్యి పట్టుకుని తలూపాడు. ఆ ఊపిన తల ఇప్పుడు ఎత్తుకోలేకుండా ఉన్నాడు.

* * *

లాండ్రీలో ఆ పొద్దున అందరూ హడావిడిగా ఉన్నారు. ఎండాకాలం వచ్చిందంటే హోటలువాళ్ళకు నీళ్ళ మీద భక్తి పుట్టుకొస్తుంది. ఆఖరి జాడింపు నీళ్ళు కాలవలోకి వదలకూడదు, డ్రమ్ములోకి పట్టి తర్వాతి విడత మొదటి ఉతుక్కి వాడాలి. సగం నిండిన మిషను తిప్పకూడదు. నేలకు పైపు పెట్టకూడదు, తడిగుడ్డే. కోడలికి ఇవేవీ కొత్త కావు. "మా ఇంట్లో ఇది నేను కాపురానికొచ్చినప్పట్నుంచీ ఉన్న చట్టమే" అని పక్కామెతో అంది. పక్కామె నవ్వి, కోడలి మాడిన మొహం చూసి నవ్వు మింగేసింది.

మూలన నీళ్ళ ఫిల్టరుంది. కోడలి ఇంట్లో, వంటగదిలో ఉన్నదానికి పెద్దన్న లాంటిది. మిషన్లకు మెత్తటి నీళ్ళు అటు ఇచ్చి, మిగిలినవి ఇటు ఒక డ్రమ్ములోకి వదులుతుంది. ఆ డ్రమ్ము పొంగి పోతోంది. కోడలికి చూస్తూ ఊరుకోబుద్ధి కాలేదు. మామ మీద ఎంత కోపమున్నా అలవాటు ఆయనదే అంటుకుంది. బకెట్టు ముంచుకుని, హోటలు ముందున్న పూల కుండీల వైపు నడిచింది.

"ఏయ్ చెల్లెమ్మా, ఎటు మోసుకుపోతున్నావు దాన్ని?"

గంజి మేస్త్రి. ఆ పేరు గంజి పెట్టే పని వల్ల వచ్చిందని కొత్తవాళ్ళు అనుకుంటారు. కాదు, నడుం వంచకుండా నిలబడే తీరు వల్ల వచ్చింది.

"కుండీలకే, అన్నా. ఊరికే పోతున్నాయిగా."

"పోసెయ్యి, పోసెయ్యి. సాయంత్రానికి నన్ను కూడా ఇంటికి పంపించెయ్యి." ఆయన వచ్చి బకెట్టు చేతిలోంచి తీసుకున్నాడు. "అవి ఫిల్టరు వదిలిన నీళ్ళమ్మా. తీపంతా మిషను తాగి, ఉప్పంతా ఇందులో ఊస్తుంది. నేల తుడుచుకో, బాత్రూములు కడుక్కో, నిన్నెవరూ అడగరు. మొక్కకు పోశావంటే ఊరగాయ పెట్టినట్టే."

ఆమె బకెట్టులోకి తొంగి చూసింది.

"నిరుడు నువ్వు చూడలేదా? ముందున్న గడ్డి మొత్తం మాడిపోలేదూ? తోటమాలి నీళ్ళు పోయట్లేదని తిట్టి పంపించేశారు. పాపం వాడు రోజూ పోశాడు. పోసింది ఈ నీళ్ళే. పొదుపు చెయ్యమన్నారు, చేశాడు. సంగతి తెలిసేసరికి వాడు ఎటు పోయాడో ఎవరికీ తెలియదు."

"ముందు ఎలా ఉంటుందన్నా? మాడేటప్పుడు?"

"ఆకు కొసలు కాలతాయి, అగ్గిపుల్ల చూపించినట్టు. మట్టి మీద తెల్లగా పెచ్చు కడుతుంది. ఎందుకు, మీ ఇంట్లో కూడానా?"

"మళ్ళీ తేరుకుంటుందా?"

"మంచినీళ్ళు పెట్టాలి. చెంబుతో కాదు, ధారగా. మట్టిలో దిగిన ఉప్పు ఇంకా కిందికి కొట్టుకుపోయేదాకా. అసలైతే అది వాన చేసే పని." మేస్త్రి ఆకాశం వైపు చూశాడు. గంజి పెట్టి ఆరేసిన దుప్పటిలా ఉంది ఆకాశం, మడత కూడా లేదు. "దాన్ని ఎవరు పిలుచుకొస్తారు?"

* * *

తలనొప్పి అని చెప్పి మధ్యాహ్నానికే ఇంటిదారి పట్టింది. మొదటి సందు దాటేదాకా కాళ్ళు తేలిగ్గా పడ్డాయి. నేను కాదు. నా బట్టలు కాదు. వారం నుంచి గుండె మీద కూర్చున్న బండ దిగిపోయింది.

రెండో సందులో ఆ బండ మళ్ళీ ఎక్కి కూర్చుంది. నేను కాకపోతే ఎవరు?

బోరు నీళ్ళు ఉప్పగా ఉంటున్నాయని మొగుడు వంటింట్లో ఫిల్టరు పెట్టించినప్పుడు, అది తాగే నీళ్ళు గ్లాసుడు ఇచ్చి, దానికి మూడింతలు సన్నటి గొట్టంలోంచి సింకులోకి వదిలేది. ఆ చప్పుడుకు మామకు నిద్ర పట్టేది కాదు. నిద్ర పట్టక ఊరుకున్నాడా? గొట్టానికి గొట్టం అతికించి, కిటికీలోంచి బయటికి లాగి, గోడ వెంట మేకులు కొట్టి, తెచ్చి నిమ్మ చెట్టు పాదులో పెట్టాడు. ఇంటికొచ్చిన వాళ్ళందరినీ పెరట్లోకి తీసుకుపోయి చూపించేవాడు. "చుక్క పోదు" అనేవాడు, మనవణ్ణి చూపించినట్టు.

ఆయన ఆ గొట్టాన్ని ప్రేమతోనే పెట్టాడు. అదే ఇక్కడ చిక్కు.

మరి ఇన్నేళ్ళూ చెట్టు ఎలా బతికింది? ఆ జవాబు ఈ భూమ్మీద కోడలికి ఒక్కదానికే తెలుసు.

పెరట్లో, చెట్టు పాదుకు ఆనుకుని, మున్సిపాలిటీ కుళాయి ఉంది. రోజు విడిచి రోజు కాసేపు తియ్యటి నీళ్ళు వస్తాయి. మామ పొద్దున టీకి వెళ్ళగానే అత్తయ్య ఆ నీళ్ళు చెట్టుకు పెట్టేది. ఒకనాడు ఆయన ముందే తిరిగొచ్చి చూశాడు. తాగే నీళ్ళు చెట్టుకా, అవతల కింది వీధిలో బిందెలు ఎండుతుంటే అని పెద్ద గొడవ చేశాడు. సాయంత్రానికి కుళాయికి ఇత్తడి తాళం పడింది. అత్తయ్య మారు మాట్లాడలేదు. తర్వాత ఆవిడ మంచం పట్టింది. ఎంత ఎక్కువ నీళ్ళు తాగితే అంత మంచిదని డాక్టరు చెప్పాడు. మామ రోజూ తెల్లారే ఫిల్టరు నీళ్ళతో పెద్ద కూజా నింపి ఆవిడ తల దగ్గర పెట్టేవాడు. సాయంత్రానికి కూజా ఖాళీ. ఆ ఖాళీ కూజాను ఒకటికి రెండుసార్లు వంచి చూసి, ఆయన మొహం వెలిగేది. "ఇవాళా మొత్తం తాగింది" అని వీధిలో అందరికీ చెప్పుకునేవాడు.

ఆవిడ తాగలేదు. రెండు గుక్కలు దిగితే మూడో గుక్క వెనక్కి వచ్చేసేది. మిగిలిన కూజా కోడలి చేతికిచ్చి చెట్టుకు పోయించేది. "ఆయనతో అనకమ్మా" అంది. కోడలు మాటిచ్చింది.

ఆవిడ పోయింది. కూజా గోడ మీద బోర్లించారు. చెట్టుకు గొట్టం ఒక్కటే మిగిలింది.

ఇప్పుడు నోరు విప్పితే తన మీద పడ్డ మాట పోతుంది. దాంతో పాటు మామ దగ్గర మిగిలిన ఆ ఒక్క సంతోషమూ పోతుంది. ఇంటి గుమ్మం ఎక్కేదాకా ఇదే తూకం. ఏ పళ్ళెమూ కిందికి దిగలేదు.

* * *

మొగుడు బస్సు డ్రైవరు. ఆ రోజు సెలవు. చాప మీద వెల్లకిలా పడుకుని ఫ్యాను వైపు చూస్తున్నాడు.

"ఇంత తొందరగా వచ్చావేంటి?"

"ఊరికే. మామయ్యేరి?"

"పెరట్లో. పొద్దున్నుంచీ చెట్టు కిందే. రాలిన ఆకులు ఏరుతున్నాడు, మళ్ళీ అతికిస్తాడేమో." అని, కాసేపాగి, "చూడు, ఒక్క మాట అనేస్తే పోయేదానికి ఎందుకిదంతా? తప్పయింది మామయ్యా అను. నీ నోట్లోంచి ముత్యాలేం రాలిపోవు" అన్నాడు.

"చెయ్యని తప్పుకా?"

"చేసినదానికి ఎవరైనా అంటారు. చెయ్యనిదానికి అంటేనే ఇల్లు నిలబడేది." డ్రైవర్లు మాట్లాడితే ఎక్కడో ఒకచోట మలుపు తిప్పుతారు. "లేదంటే చెప్పు, బస్టాండు వెనక వాటా ఖాళీగా ఉందన్నారు. ఆదివారం వెళ్ళిపోదాం. ఒక కప్పు కింద రెండు పొయ్యిలు నేను చూడలేను."

ఆమె చాప అంచున కూర్చుంది. "చెట్టుకు పడనిది నా బట్టల నీళ్ళు కాదండీ. ఆ గొట్టం నీళ్ళు. ఫిల్టరువి. లాండ్రీలో మేస్త్రి చెప్పాడు."

అతను లేచి కూర్చున్నాడు.

"ఆ మాట నాన్నతో అనకు."

"అనకపోతే చెట్టు పోతుంది."

"పోనీ. అమ్మ పోయింది, చెట్టు ఎంత? అమ్మకిచ్చిన మాట ఆ గొట్టంతోనే నిలబెడుతున్నాననుకుంటున్నాడే ఆయన. వెళ్ళి, నేను కాదు, నువ్వే చంపావు అని చెప్తావా?"

"చెట్టు పోయాక ఈయన ఉంటాడనుకుంటున్నారా?"

అతను మళ్ళీ వెల్లకిలా పడుకుని చెయ్యి కళ్ళ మీద పెట్టుకున్నాడు. నిద్రపోయినట్టు నటించే మనిషి ఊపిరి వేరేలా ఉంటుంది. ఆ ఊపిరి వింటూ ఆమె పెరట్లోకి వెళ్ళింది.

* * *

మామ చెట్టు నీడలో గోనె మీద కూర్చుని ఉన్నాడు. నీడంటే పేరుకే. పైన ఆకుల కంటే ఖాళీలే ఎక్కువ. ఎండ ఆయన బట్టతల మీద చిల్లరలా రాలుతోంది.

కోడలికి మాటల్లో చెప్పే ధైర్యం లేదు. వంగి, పాదులోంచి ఆ సన్నటి గొట్టం తీసి, పక్కన కాలవలోకి వేసింది.

నీళ్ళు కాలవలో పడుతున్న చప్పుడు వినగానే ముసలాయన లేచిన వేగం చూస్తే ఆయనకంత వయసుందని ఎవరూ అనరు.

"ఏమ్మాయ్, ఏం చేస్తున్నావు? చంపింది చాలక, పోయడం కూడా మాన్పిస్తావా?"

"మామయ్యా, ఒక్కసారి ఆ నీళ్ళు నోట్లో పోసుకోండి."

"నీ చేత్తో ఇచ్చింది నేను తాగను."

"నా చేత్తో ఇవ్వడం లేదు. గొట్టం మీరు పెట్టిందే. మీ చేత్తోనే పట్టుకోండి."

ఆ మాటకు ఆయన ఆగాడు. జీవితమంతా నీళ్ళను నాలుకతో గుర్తుపట్టిన మనిషి. ఏ ట్యాంకు నీళ్ళో, ఏ గొట్టం తుప్పో గుక్క పట్టి చెప్పేవాడు. అయితే ఈ గొట్టం నీళ్ళు మాత్రం ఎన్నడూ రుచి చూడలేదు. పారేసేవి కదా, తాగాలని ఎందుకనిపిస్తుంది? వంగి దోసిలి పట్టాడు. నోట్లో పోసుకున్నాడు.

ఉమ్మేస్తాడనుకుంది. ఉమ్మలేదు. కళ్ళు మూసుకుని, దవడలు బిగించి, మింగాడు. నీళ్ళు ఉమ్మడం ఆయనకు చేతకాదు.

తర్వాత పాదు దగ్గర కూలబడ్డాడు. మట్టి మీది తెల్లటి పెచ్చును గోటితో లేపి నాలిక మీద పెట్టుకున్నాడు.

"సున్నమనుకున్నా" అన్నాడు. "గోడ మీంచి రాలిందనుకున్నా."

కోడలు గొట్టం మడిచి పట్టుకుని నిలబడింది. కారడం ఆగింది.

"బోరు నీళ్ళలో ఉప్పుంటుందని తెలుసు" ఆయన తనలో తాను అన్నట్టు అన్నాడు. "తీపి ఇటు వస్తే, ఆ ఉప్పు ఎటో పోవాలి కదా. ఎటు పోతుందని ఒక్కసారి అడగలేదు. చుక్క పోవట్లేదు, చుక్క పోవట్లేదని మురిశాను." తల తిప్పి కోడలి వైపు చూశాడు. వారం తర్వాత అదే మొదటి చూపు. "నిన్ను అనరాని మాట అన్నానమ్మా."

"పోనీలెండి మామయ్యా."

అక్కడితో అయిపోతే బాగుండేది. ఆమె మనసులో కూడా అక్కడితో అయిపోవాలనే ఉంది. గొట్టం గోడకు తగిలిద్దామని తిరిగింది.

"మరి ఇన్నేళ్ళు ఎలా బతికింది ఇది?"

ఆమె తిరిగి చూడలేదు. "నేల మంచిదయి ఉంటుంది."

"నేల ఉప్పును ఆపుతుందా? సరిగ్గా చెప్పు."

"అత్తయ్య అప్పుడప్పుడూ కుళాయి నీళ్ళు పెట్టేది కదా."

"అది నాకు తెలుసు. చూసి తిట్టి, తాళం వేసింది నేనే. తాళం వేశాక కూడా ఇది పూసింది. ఆమె మంచంలో ఉన్నప్పుడు కాయలు కాసింది. కిటికీలోంచి చూసి నవ్వేది. అప్పుడు దీనికి మంచినీళ్ళు ఎక్కణ్ణించి వచ్చాయి?"

ఆమె ఇచ్చిన మాట మీద నిలబడింది. నోరైతే నిలబడింది గానీ, కళ్ళు నిలబడలేదు. అనుకోకుండా ప్రహరీ మీదికి పోయాయి. అక్కడ కూజా బోర్లించి ఉంది.

ముసలాయన చూపు కూడా ఆ వెంటే వెళ్ళింది. కూజా దగ్గర ఆగింది. అక్కణ్ణించి చెట్టు మీదికి వచ్చింది. మళ్ళీ కూజా దగ్గరికి వెళ్ళింది.

"రోజూ నిండా పెట్టేవాణ్ణి" అన్నాడు.

"ఊ."

"సాయంత్రానికి ఖాళీగా ఉండేది."

ఆమె తల దించుకుంది.

"బాగా తాగుతోందని... డాక్టరుక్కూడా చెప్పాను. ఆయన నా వైపు ఒకలా చూశాడు. ఎందుకో అప్పుడు అర్థం కాలేదు."

"దిగేది కాదు మామయ్యా. రెండు గుక్కలు తాగితే వెనక్కి వచ్చేసేది. ఖాళీ కూజా చూస్తే మీ మొహం బాగుంటుందని..." గొట్టాన్ని చేతికి చుట్టుకుంది. "ఆ కాస్త అయినా చూసుకోనీ అనేది."

"పారబొయ్యమని నీకిచ్చేదా?"

"పారబొయ్యమని ఎప్పుడూ అనలేదు. చెట్టుకు పొయ్యమనేది. 'మీ మామయ్యకు పారబోస్తే నచ్చదు' అనేది."

ఆయన నవ్వబోయాడు. అది నవ్వు కాలేదు. గోడ పట్టుకుని నిలబడ్డాడు.

"ఈ గొట్టం సంగతి ఆమెకు తెలుసా?"

"ఉప్పని తెలీదు. దీనికి సరిపడట్లేదు, ఆకు మొహం చూస్తే తెలియట్లేదా అనేది. మీతో చెప్పమన్నాను. 'చెప్తే గొట్టం పీకేస్తాడు. పీకాక ఆ నీళ్ళు కాలవలో పోతుంటే రాత్రుళ్ళు కూర్చుని వింటుంటాడు. ఉండనీవే, దాన్నీ చూసుకుందాం, ఈయన్నీ చూసుకుందాం' అనేది."

మామ చొక్కా జేబులోంచి చిన్న తాళంచెవి తీశాడు. కుళాయి దగ్గరికి వెళ్ళాడు. ఇత్తడి తాళం పట్టేసింది. తీసి చాలా కాలమైంది. రెండు చేతులా తిప్పితే గాని రాలేదు. కుళాయి మొత్తం విప్పాడు.

ఒక చుక్క వచ్చి కొసన వేలాడింది. పడనూ పడలేదు.

"ఇవాళ కింది వీధి వంతు మామయ్యా. రేపు మనది. రేపు పెడదాం."

ఆయన ఒక కొమ్మ వంచి చూశాడు. అది వంగలేదు, విరిగింది. లోపల ఎక్కడా పచ్చ లేదు. ఇంకోటి, చెట్టు నడుమ నుంచి లేచినది, మెల్లగా పట్టుకుని గోటితో గీశాడు. అక్కడ సన్నటి పచ్చటి గీత కనిపించింది, నరం లాగా.

"ఎన్ని రేపులున్నాయమ్మా దీనికి?" అన్నాడు.

లోపలికి వెళ్ళాడు. అటక మీద ఏదో జరిగిన చప్పుడైంది. ఇనుము ఇనుముకు రాసుకున్న చప్పుడు. బయటికి వచ్చినప్పుడు ఆయన భుజాన గోనెగుడ్డ చుట్టిన పొడవాటి రాడ్డుంది. కొస వంకర తిరిగి, నాలుగు పలకల నోరున్న రాడ్డు. దానితోనే ఆయన జీవితమంతా ఊరి నీళ్ళు పంచాడు. కొలువు దిగిన రోజున గుడ్డ చుట్టి పైన పెట్టాడు, మళ్ళీ తియ్యలేదు.

కోడలు ఆయన కంటే ముందు వెళ్ళి గేటుకు అడ్డం నిలబడింది.

"మామయ్యా, వద్దు."

"తప్పుకో తల్లీ."

"కింది వీధివాళ్ళ నీళ్ళవి."

"నాకు తెలియదా?"

"టైలరమ్మ ఇంట్లో మంచంలో మనిషుంది."

ఆయన ఆగాడు. ఈ చేత్తో ఎందరి బతిమాలడాలు తోసేశాడో అదంతా ఆయన మొహంలో ఒక్కసారి తిరిగింది. పిల్లకు స్నానమన్నవాళ్ళున్నారు, ఇంట్లో పెళ్ళన్నవాళ్ళున్నారు, చావన్నవాళ్ళు కూడా ఉన్నారు. ఎవరికీ తిప్పలేదు.

"నా ఇంట్లోనూ మంచంలో మనిషుండేదమ్మా" అన్నాడు. "ఆమె గుక్క కూడా నేను సరిగ్గా చూడలేదు."

కోడలు గేటు గట్టిగా పట్టుకునే ఉంది. ఆయన ఆమెను తోయలేదు, అరవలేదు. అలా ఎదురుగా నిలబడ్డాడంతే. అప్పుడు ఆమెకు అత్తయ్య చెయ్యి గుర్తొచ్చింది, కూజా అందిస్తున్నప్పుడు బరువుకు వణికే చెయ్యి. గేటు మీది పట్టు దానంతటదే వదులైంది.

మండుటెండలో వీధి ఖాళీగా ఉంది. ఆయన నీడ కాళ్ళ కిందే నడుస్తూ పోయింది.

ఆమె పెరట్లోకి వచ్చి పాదు అంచుకు మట్టి ఎగదోసింది. చేతులకు పని లేకపోతే పిచ్చెక్కేలా ఉంది. దూరంగా వాల్వు గుంత ఇనుప మూత రోడ్డు మీద ఈడ్చిన చప్పుడు వినపడింది. కాసేపటికి తెరిచి ఉంచిన కుళాయి గొంతు సవరించుకున్నట్టు గరగరమంది. గాలి వచ్చింది, ఎర్రటి తుప్పు నీళ్ళు వచ్చాయి, ఆ వెనక తెల్లటి ధార బలంగా వచ్చి పాదులో పడింది. మట్టి మీది పెచ్చు పగిలి, కరిగి, మునిగిపోయింది. వేళ్ళ చుట్టూ బుడగలు లేచాయి. చెట్టు తాగుతోందో, మట్టి తాగుతోందో తెలియదు గానీ, ఆ చప్పుడు గుటకలు వేస్తున్నట్టే ఉంది. ఆమె కళ్ళు తుడుచుకుంది.

"నీళ్ళొస్తున్నాయేంటి?" మొగుడు గుమ్మంలోకి వచ్చాడు. "ఇవాళ మన వంతు కాదుగా. తాళం ఎవరు తీశారు? నాన్నేడి?"

ఆమె చెప్పే లోపల గేటు చప్పుడైంది.

టైలరమ్మ. చంకలో బిందె, మెడలో కొలత టేపు అలాగే ఉంది, పని మధ్యలో లేచి వచ్చినట్టుంది. ఆయాసపడుతోంది.

"తాతగారున్నారా అమ్మా? బిందె పావు నిండిందో లేదో, ధార తెగిపోయింది. ముసలామె పక్క అంతా తడిపేసుకుని ఉంది, ఒళ్ళు తుడవడానికి చెంబుడు నీళ్ళు లేవు. ఎవరో వాల్వు తిప్పేశారమ్మా. ఎవరైనా సరే, తాతగారికి చెప్తే ఊరుకోరు, అందుకే పరుగెత్తుకొచ్చాను. ఒక్కసారి పిలుస్తావా?"

పెరట్లో నీళ్ళు పడుతున్న చప్పుడు గేటు దాకా వినిపిస్తోంది. టైలరమ్మ మాట ఆపి, చెవి అటు పెట్టింది.

ఆమె వెనక, వీధి మలుపులో, భుజాన రాడ్డుతో మామ నడిచి వస్తున్నాడు.